చుక్క పెట్టిన టిన్నులు

కుడి మణికట్టు మీద మూడో బొట్టు నూనె వేసుకుని, ఎడమ బొటనవేలితో గట్టిగా రుద్ది, ఈశ్వరయ్య కళ్ళు మూసుకున్నాడు. చేతిని వెంటనే ముక్కు దగ్గరకు తెచ్చుకోలేదు. అది కొత్తవాళ్ళు చేసే పని. ముందు చేతిని గాల్లో రెండుసార్లు ఊపి, నూనెను ఒంటి వేడికి కాస్త కాగనిచ్చి, అప్పుడు మెల్లగా పైకి తెచ్చి సగం ఊపిరి మాత్రమే తీసుకుంటాడు. నిండా పీలిస్తే ముక్కు మొద్దుబారిపోతుందని అతని నమ్మకం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ సగం ఊపిరి మీదే కాటేదాన్‌లోని ఆ నూనె ఫ్యాక్టరీ నడుస్తోందని కూడా అతని నమ్మకం. పైకి అనడు గానీ, కళ్ళు మూసుకుని నిలబడే తీరు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

"ఎట్లున్నది అన్నా?" అని అడిగాడు టవర్ దగ్గర పనిచేసే ప్రహ్లాద్.

"ఏం లేదు," అన్నాడు ఈశ్వరయ్య.

ఆ ఫ్యాక్టరీలో అంతకు మించిన మెచ్చుకోలు లేదు. పామాయిల్ ట్యాంకర్లలో వచ్చినప్పుడు ఎర్రగా, చిక్కగా, పాత గోనెసంచి వాసనతో ఉంటుంది. దాన్ని కడిగి, మట్టితో వడకట్టి, చివరికి ఎత్తైన ఇనుప టవర్‌లో ఆవిరి పట్టించి వాసన తీస్తారు. టవర్ దిగిన నూనెకు రంగు ఉండకూడదు, వాసన ఉండకూడదు. వాసన పోయిందంటే దోషం పోయినట్టే. ఈ మాట ఈశ్వరయ్యకు ఎవరూ నేర్పలేదు. కార్వాన్‌లో గానుగ ఆడించిన తాత దగ్గర నుంచి ముక్కుతో పాటే వచ్చింది.

మనిషి బక్కపలచన. అరవై ఒకటి దాటాయి. మీసం పెంచడు, వెంట్రుకకు వాసన పట్టుకుంటుందని. సబ్బు వాడడు, సున్నిపిండితోనే స్నానం. బీడీ, పాన్, పచ్చి ఉల్లిగడ్డ ఏనాడూ ముట్టలేదు. రెండు మణికట్ల మీదా చర్మం నల్లగా, నున్నగా, చెప్పు తోలులా మెరుస్తుంటుంది. యాకుత్‌పురాలోని రెండు గదుల ఇంట్లో, అతను గడప దాటేదాకా భార్య ఆండాలు ఊదుబత్తి వెలిగించదు. పెళ్ళైన కొత్తలో ఒకరోజు మల్లెపూలు పెట్టుకుంటే, మర్నాడు ఒక ఘాటు ట్యాంకరు తెలియక పాస్ చేశాడట. అంతే, ఆ తర్వాత ఆమె తలలో కనకాంబరాలు తప్ప మరో పువ్వు లేదు. "నాకు సవతి ఉన్నది, మా ఆయన ముక్కు," అని ఆమె చుట్టాలతో నవ్వుతూ చెప్పేది. ఆ మాటకు ఈశ్వరయ్య లోలోపల పొంగిపోయేవాడు.

నూనె పాసైతే, చిన్న గిన్నెలో పసుపు కలుపుకుని, ఉంగరం వేలితో ప్రతి టిన్ను మూత మీదా ఒక చుక్క పెడతాడు. ఇది కంపెనీ పెట్టిన పద్ధతి కాదు. గానుగలో ఆ రోజు మొదట దిగిన కుండకు వాళ్ళ నానమ్మ పసుపు బొట్టు పెట్టేది. ఆ అలవాటు కొద్దీ తానూ మొదలుపెట్టాడు. ఏళ్ళు గడిచేసరికి సంతోష్‌నగర్ నుంచి కార్వాన్ దాకా మిర్చిబండ్ల వాళ్ళు, మిఠాయి అంగళ్ళ వాళ్ళు కంపెనీ పేరు మరిచిపోయారు. "చుక్క టిన్ను ఉన్నదా?" అనే అడుగుతారు. చుక్క లేనిది వాపసు పంపిస్తారు. యజమాని బాలకిషన్ సేటు మొదట్లో నవ్వాడు. తర్వాత పసుపు తానే కొని పంపడం మొదలుపెట్టాడు.

మూడేళ్ళ కిందట ఒక చిక్కు వచ్చింది. నాసిరకం సరుకు దిగింది. ఎంత ఆవిరి పట్టినా అడుగున ఎక్కడో మట్టి వాసన మిగిలేది. మిగతావాళ్ళకు తెలియలేదు, ఈశ్వరయ్యకు తెలిసింది. చుక్క పెట్టనన్నాడు. నాలుగు రోజులు టిన్నులు కదలలేదు. "ఇంకింత వేడి పెట్టుర్రి సేటు, వాసన ఎట్ల పోదో చూస్త," అన్నాడు. బాలకిషన్ కొత్త హీటర్ పెట్టించాడు. రెండు వందల ముప్పై డిగ్రీల మీద నడిచే టవర్‌ను రెండు వందల అరవైకి ఎక్కించారు. వాసన మాయమైంది. ఆ రోజు సేటు అందరి ముందూ అతని భుజం మీద చేయి వేసి, "నా లేబొరేటరీ గిది," అన్నాడు. ఆ చేయి బరువు ఈశ్వరయ్య భుజానికి ఇప్పటికీ గుర్తుంది.

పదకొండు గంటలకు గేటు దగ్గర స్కూటీ ఆగింది. భుజానికి చల్లపెట్టె తగిలించుకుని ఒక అమ్మాయి లోపలికి వచ్చింది. పేరు రచన. ఉప్పల్ వైపు ఏదో పరీక్షల ల్యాబ్‌లో పని. బయటి దేశాలకు బిస్కట్లు పంపే ఒక కంపెనీ ఈ మధ్య ఇక్కడి నూనె కొనాలని చూస్తోంది. ఆ కంపెనీ తరఫున నెలకోసారి వచ్చి సీసాలు నింపుకుపోతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఈశ్వరయ్య చేతి మీద వాసన చూసే తీరును ఫోన్‌లో వీడియో తీసుకుంది. అప్పటి నుంచి ఆమె అంటే అతనికి ఇష్టం.

"అంకుల్, పద్నాలుగో లాట్ పక్కన పెట్టిన్రు గదా? దాంట్లకెల్లి ఇంకోసారి శాంపిల్ తీసుకోవాలె," అన్నది.

"పద్నాలుగా? అదెక్కడిది బిడ్డా, సోమారమే పోయింది."

"ఏడికి పోయింది?"

"ఏడికి పోతది, షాపులకు. మూడు వందల టిన్నులు. ఆదివారం స్పెషల్‌గా పిలిపించి చుక్కలు పెట్టించిండు సేటు."

రచన చల్లపెట్టె కింద పెట్టింది.

"మీకు చెప్పలేదా అంకుల్? అది ఫెయిలయింది. శుక్రారమే రిపోర్టు పంపినం."

"ఫెయిలా?" ఈశ్వరయ్య నవ్వాడు. నిజంగానే నవ్వొచ్చింది. "నేను చూసిన బిడ్డా. మూడుసార్లు చూసిన. ఏం లేదు దాంట్ల."

"వాసనతోని తెలిసేది కాదు అంకుల్." ఆమె గొంతు తగ్గించింది. పెద్దవాళ్ళకు చెడ్డ మాట చెప్పేటప్పుడు పిల్లలు తగ్గించినట్టే. "గ్లైసిడిల్ ఎస్టర్లు అంటరు. ముందు నూనెల ఉండవు. వాసన తీయనీకి మరీ వేడి పెడితే, గా వేడికి పుడుతయి. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మా దగ్గర నూనెను మందులల్ల నానబెట్టి, విరగ్గొట్టి, మిషన్ల పెట్టి కొలిస్తే గానీ దొరకదు. బిస్కట్లోళ్ళు ఒప్పుకునే దానికి ఏడింతలున్నది."

"తింటే ఏమైతది?"

"ఒక్కనాడు తింటే ఏం గాదు. రోజూ తింటేనే. చిన్నపిల్లలు తింటే. క్యాన్సర్‌కు దారి తీస్తదని అనుమానం."

ఈశ్వరయ్య టవర్ వైపు చూశాడు.

"ఎంత వేడికి పుడుతది బిడ్డా?"

"రెండు వందల ముప్పై దాటినంక బాగ పెరుగుతది. మీది ఎంతల నడుస్తది?"

"పద్నాలుగుది నీ దగ్గర ఏమన్న ఉన్నదా?" అని అడిగాడు. పాత సీసా ఒకటి పెట్టెలో ఉంది, అడుగున రెండు వేళ్ళంత నూనె. మూత తీసి మణికట్టు మీద మూడు బొట్లు వేసుకున్నాడు. రుద్దాడు. గాల్లో ఊపాడు. సగం ఊపిరి తీసుకున్నాడు. తర్వాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. నిండా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. సీసా మూతికే ముక్కు ఆనించి పీల్చాడు. చల్లటి గాజు తగిలింది తప్ప ఇంకేమీ తెలియలేదు.

అతనికి కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. ఈడొచ్చిన కూతురంత పిల్ల ముందు బట్టలు జారిపోయినంత సిగ్గు. ఆమె అది గమనించి, సీసా తీసుకుని, తల పక్కకు తిప్పుకుని మూత బిగించింది.

కార్వాన్‌లో సేటు ఇల్లు అంగడి మీదే. కింద కిరాణా హోల్‌సేల్, పైన కాపురం. ఈశ్వరయ్య ఆటోలో చేరేసరికి ఒంటిగంటన్నర. సేటు స్నానానికి వెళ్ళాడని, పైకి వెళ్ళి కూర్చోమని కింద చెప్పారు. అతను ఎవరినీ అడగకుండానే పైకెక్కేంత చనువున్న మనిషే. సేటు భార్య నాగమణమ్మ వంటింట్లోంచి చెంబుతో నీళ్ళు తెచ్చింది, వెనుకే ఒక గాజు సీసా కూడా తెచ్చింది.

"మంచి టైమ్‌కి వచ్చినవ్ ఈశ్వరన్నా. గీ నూనె జర చూడు. గానుగ పల్లినూనె అని తెచ్చిన్రు. నాకేమో పచ్చి వాసన కొడుతున్నది."

చేయి అలవాటుగా ముందుకు వెళ్ళింది. బొట్టు వేసుకున్నాక గానీ అతనికి ప్రశ్న తట్టలేదు. "మన నూనె అయిపోయిందా అమ్మా?"

"మన నూనె ఇంట్లకు వద్దన్నడు గదా మీ సేటు. రెండు నెలలాయె. మా ప్రణీత్ బిడ్డ అన్నం తినుడు మొదలుపెట్టింది, పసిదానికి ఎందుకని."

రెండు నెలలు. ఈశ్వరయ్య చేయి గాల్లో ఊగుతూనే ఉంది. బిస్కట్ల వాళ్ళు మొదటిసారి సీసాలు తీసుకుపోయిందీ రెండు నెలల కిందటే. అంటే శుక్రవారం వచ్చిన కాగితం మొదటిది కాదు. ఈ రెండు నెలల్లో తను ఎన్ని మూతల మీద వేలు పెట్టాడో లెక్క తెలియదు. పెట్టిన ప్రతిసారీ సేటుకు తెలుసు. ముప్పై ఏళ్ళు కలిసి చాయ్ తాగిన మనిషి, మనవరాలి అన్నం గిన్నెను పక్కకు జరుపుకున్నాడు గానీ, "ఈశ్వర్, జర ఆగు" అని ఒక్క మాట అనలేదు.

"మంచిగున్నది అమ్మా," అన్నాడు చేయి దించి. "పల్లీలు కొత్తయి, అందుకే పచ్చి వాసన. వాడుకో."

బాలకిషన్ తల తుడుచుకుంటూ వచ్చాడు. తెల్ల బనియను, నిండైన మనిషి. ఈశ్వరయ్యను చూడగానే ముఖం విచ్చుకుంది. అందులో అబద్ధమేమీ లేదు. అదే ఈశ్వరయ్యను ఎక్కువ బాధపెట్టింది.

"కూసో ఈశ్వర్. అన్నం తిన్నవా?"

"పద్నాలుగో లాట్ కాగితం శుక్రారం వచ్చిందంట గదా సేటు. ఆదివారం నాతోని చుక్కలెట్ల పెట్టించినవ్?"

సేటు తువ్వాలు మడిచి కుర్చీ మీద వేశాడు. "గా పిల్ల వచ్చిందా? కాగితాలు మస్తు వస్తయ్ ఈశ్వర్. నువ్వు చూసినవ్ గదా, నీకేమన్న వాసన వచ్చిందా?"

"దానికి వాసన లేదంట."

"మరింకేం ఫికర్? వాసన లేదు, రంగు లేదు. బయటి దేశపోళ్ళు అడుగుతరు గాబట్టి బిస్కట్లోళ్ళు అడుగుతున్నరు. యాకుత్‌పురాల మిర్చి తినేటోడు అడుగుతడా?"

"మరి ఇంట్లకెందుకు వద్దన్నవ్?"

వంటింటి గుమ్మంలో నాగమణమ్మ గాజులు చప్పుడు చేసి ఆగిపోయాయి. బాలకిషన్ ఆమె వైపు ఒకసారి, సీసా వైపు ఒకసారి చూశాడు.

"ఇల్లు వేరు, ధంధా వేరు," అన్నాడు.

"టిన్నులు వాపస్ తెప్పియ్యి సేటు. నేనే తిరుగుత. ఒక్కో షాపు నాకు ఎరుకే."

"దిమాక్ ఖరాబైందా? వాపస్ తెస్తే ఎందుకు తెచ్చిన్రంటరు. రేపటికెల్లి ఒక్క టిన్ను కదలది." తర్వాత కాస్త మెత్తబడి, దగ్గరగా కూర్చున్నాడు. "సరే, నా తప్పే అనుకో. గా వేడి పెట్టుమన్నదెవరు? నేనేమన్న చదువుకున్ననా? నువ్వు చెప్పినవ్, నేను హీటర్ పెట్టించిన. నిన్ను నేనేమన్న అన్ననా?"

ఆ మాట నిజం. అది సేటుకు రెండు నెలలుగా తెలుసు, అవసరం పడే రోజు కోసం దాచుకున్నాడు.

"నా చుక్క ఇగ ఉండది," అన్నాడు ఈశ్వరయ్య.

బాలకిషన్ నిట్టూర్చి లేచి, టేబుల్ సొరుగు లాగి, గుండ్రంగా చుట్టిన ఒక కాగితపు చుట్ట తీసి చూపించాడు. పసుపురంగు స్టిక్కర్లు, పావలా కాసంత. అంచుల్లో కాస్త వంకర కూడా ఉంది, అచ్చం వేలితో పెట్టినట్టు.

"ప్రణీత్ ప్రింటు కొట్టించిండు. నీకు చెయ్యి నొస్తున్నదని. నువ్వు ఇంటికాడ కూసున్నా నీ పేరు పోదు ఈశ్వర్. ఫికర్ జేయకు."

బెదిరింపులా అనలేదు. మేలు చేస్తున్నట్టే అన్నాడు. ఈశ్వరయ్య ఆ చుట్టను చేతిలోకి తీసుకుని, తన వేలి వంకరను ఎవరో ఎంత శ్రద్ధగా చూశారో గమనించి, తిరిగి టేబుల్ మీద పెట్టేశాడు. నాగమణమ్మ అన్నం వడ్డిస్తానంది. ఆకలి లేదమ్మా అని మెట్లు దిగాడు.

బస్సులో ఉండగా ప్రహ్లాద్ ఫోన్ చేశాడు. "అన్నా, నూనె టవర్ ఎక్కించిన. ఎప్పుడొస్తవ్?"

"నేను రాను ప్రహ్లాద్. ఇగ రాను. వేడి దించు. రెండు వందల ఇరవైకి దించు."

"అయ్యో, వాసన వస్తది గదన్నా!"

"రానీ," అన్నాడు ఈశ్వరయ్య. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగం ఆ ఒక్క మాటతో అయిపోయింది. పక్కనున్న మనిషి కిటికీ కొంచెం జరపమన్నాడు, జరిపాడు.

యాకుత్‌పురా స్టేషన్ పక్కన కొమురమ్మ మిర్చిబండి అప్పుడే రాజుకుంటోంది. భర్త పోయాక పదేళ్ళ కిందట ఆమెకు ఆ బండి పెట్టుకోమని చెప్పింది ఈశ్వరయ్యే. ఏ నూనె కొనాలో, ఎన్నిసార్లు కాచాక పారబోయాలో చెప్పిందీ అతనే. బండి కింద రెండు టిన్నులున్నాయి. ఒకటి సగమైంది. రెండోదానికి మూత తీయలేదు. రెంటి మీదా చుక్కలు.

"కొమురమ్మా, గా నూనె వాడకు. బంద్ చెయ్యి."

ఆమె జాలిగరిటె ఆపింది. "ఏమైందన్నా?"

అతను చెప్పాడు. పరీక్షల పిల్ల చెప్పినంత సాఫీగా రాలేదు. వేడి అన్నాడు, మిషన్ అన్నాడు, కాగితం అన్నాడు. ఆ పేరుకు నోరు తిరగలేదు. తను చెబుతున్నది తనకే అబద్ధంలా వినిపించింది.

"ఎవరు చూసిన్రు దాన్ని?"

"ఎవరికీ కనబడది. వాసన గూడ రాదు."

కొమురమ్మ అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. జాలిపడింది. "సేటుతోని లొల్లి అయ్యిందా అన్నా?"

"అయ్యింది. గానీ అందుకు గాదు..."

"నువ్వు చెప్తే నేను ఎన్నడన్న కాదన్ననా? ఇయ్యాల కోపంల ఉన్నవ్. రేపు చల్లబడి చెప్పు, వింట. ఇప్పుడు గిది పారబోస్తే పిల్లలకు ఏం పెట్టాలె?" అంటూ వంగి, గరిటె కొసతో కాగని నూనె ఒక బొట్టు మణికట్టు మీద వేసుకుంది. బొటనవేలితో రుద్దింది. చేతిని గాల్లో రెండుసార్లు ఊపింది. కళ్ళు మూసుకుని సగం ఊపిరి తీసుకుంది. తు.చ. తప్పకుండా అతను నేర్పినట్టే.

"ఏం లేదన్నా," అన్నది కళ్ళు తెరిచి. "నువ్వే చూడు." చేయి చాపింది.

ఈశ్వరయ్య ఆ చేతి వైపు చూడలేకపోయాడు. ఫలక్‌నుమా వైపు నుంచి వచ్చిన రైలు ఆగింది. దిగినవాళ్ళు నలుగురైదుగురు బండి చుట్టూ మూగారు. బడి యూనిఫారంలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు తలా రెండు మిర్చీలు అడిగారు. అతను అడ్డం నిలబడి "వద్దు" అనాలనుకున్నాడు. ఎందుకు వద్దో ఆ పిల్లలకు ఎట్లా చూపించాలో తెలియలేదు. మనుషులు అతన్ని మెల్లగా పక్కకు నెట్టారు. ఆ సందడిలోనే కొమురమ్మ నాలుగు వేడి మిర్చీలు పేపర్లో చుట్టి, జనం తలల మీదుగా అతనికి అందించింది. "తిను అన్నా, పొద్దుగాలకెల్లి ఏం తిన్నట్టు లేవ్. గట్ల మనసుకు తీసుకోకు."

అతను తీసుకున్నాడు. ఎవరి మీదా కోపం చూపించే శక్తి లేదు. స్టేషన్ ప్రహరీ దాకా నడిచి, ఆగి, పొట్లాన్ని గోడ మీద పెట్టాడు. రెండు చేతులూ ప్యాంటుకు గట్టిగా తుడుచుకుని, ఇంటి సందులోకి తిరిగాడు.

గోడ మీద పొట్లం నుంచి ఇంకా ఆవిరి వస్తోంది, పాత వార్తల మీద నూనె మరక అంచుల దాకా పాకుతోంది.